నురగ మంచు

డిసెంబరు 2, సోమవారం

ఇవాళ కిండర్‌గార్టెన్‌లో చేరాను. అరవై ఎనిమిదో ఏట. ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషిని జానెడెత్తు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. లేవబోతే కుర్చీ కూడా నాతోపాటే లేచింది.

దీనికంతటికీ కారణం గుండుసూది. అంటే నా మనవరాలు. ఐదేళ్లు నిండాయి. మనిషి సన్నం, మాట గుచ్చుకుంటుంది, అందుకని ఆ పేరు నేనే పెట్టాను. ఇంట్లో లేచింది మొదలు నోరు మూయదు. బడిలో మాత్రం నోరు తెరవదట. ఏ పనిలోనూ చెయ్యి పెట్టదట. చేతులు వెనక్కి కట్టుకుని ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరులా గోడ పక్కన నిలబడుతుందట. వచ్చే ఏడు ఒకటో తరగతికి ఎవరెవరు వెళ్లాలో ఈ నెల ఇరవయ్యో తారీఖున తేలుస్తారు. అప్పటికీ ఈ పిల్ల చెయ్యి కదపకపోతే ఇంకో ఏడాది ఇక్కడే ఉంచేస్తామని హెడ్ మేడమ్ మా అమ్మాయిని పిలిచి మరీ చెప్పింది. ఈ మూడు వారాలూ ఇంట్లోంచి పెద్దవాళ్లెవరైనా వచ్చి క్లాసులో కూర్చుంటే పిల్లకి ధైర్యంగా ఉంటుందని కూడా అందట. అమ్మాయిది ఆసుపత్రిలో నర్సు డ్యూటీ. అల్లుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. మిగిలింది నేను.

మూడు వారాల కార్యక్రమానికి 'చేతులతో చలికాలం' అని పేరు పెట్టారు. గోడకి అతికించారు. అక్షరాల చుట్టూ దూది. ఆ దూది ఎందుకని అడిగితే చలికి అని చెప్పారు.

టీచరుకి పాతికేళ్లుంటాయేమో. ప్రతి మాట చివరా చప్పట్లు కొడుతుంది. పిల్లలు కూర్చుంటే చప్పట్లు, లేస్తే చప్పట్లు, ఒకడు ముక్కు తుడుచుకుంటే దానికీ చప్పట్లే. ఇక ఈ డైరీలో ఆవిడ పేరు చప్పట్లమ్మ.

డిసెంబరు 3, మంగళవారం

ఈ ఊళ్లో చలి ఉంది గాని మంచు పడదు. కాబట్టి చేసుకోవాలట. వంటసోడాలో షేవింగ్ ఫోమ్ కలిపారు. గదంతా సెలూన్ వాసన. బల్లకొక ట్రే. చప్పట్లమ్మ "చేతులు లోపల!" అని పాడింది. పద్దెనిమిది మందిలో పదిహేడు మంది మోచేతుల దాకా దిగిపోయారు. ఒకడు నాకి చూశాడు. ఆయా పరుగున వచ్చి వాడి నాలుక తుడిచింది.

గుండుసూది ట్రే దాకా వెళ్లింది. నావైపు చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. బుద్ధి ఉన్న పిల్ల.

దారిలో అడిగింది, అది నాన్న గడ్డానికి రాసుకునేదే కదా అమ్మమ్మా అని. అవునన్నాను. అయితే మంచుకి కూడా గడ్డం వస్తుందా అంది. ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

సాయంత్రం దాని బ్యాగు నేనే తెరుస్తాను. అది మా రోజువారీ కాలక్షేపం. లోపల్నుంచి ఏదో ఒక అట్టముక్క బయటికి వస్తుంది, మేమిద్దరం దానికి పేరు పెడతాం. పోయినవారం దూది ఎలుగుబంటికి 'బూజు పట్టిన బంగాళాదుంప' అని పెట్టాం. బడి తెరిచిన కొత్తలో ఇవన్నీ తనే చేసి తెచ్చేది. ఈ మధ్య ఆయా చేసి బ్యాగులో పెడుతోంది.

డిసెంబరు 4, బుధవారం

ఇవాళ గ్లిటర్. జడలోంచి ఇంకా రాలుతోంది. రాయదగ్గది మరేమీ లేదు.

డిసెంబరు 5, గురువారం

ఇవాళ నాకు పండగ.

రెండు పళ్లేల్లో రెండు ఐసుగడ్డలు. ఒకదాన్ని వట్టిగా వదిలారు. రెండోదానికి ఉన్నిటోపీ తొడిగారు. ఏది ముందు కరుగుతుందని చప్పట్లమ్మ అడిగింది. టోపీలోదే అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది, టోపీ వెచ్చగా ఉంటుంది కదా అని. చప్పట్లమ్మ కూడా అదే అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, బోర్డు మీద టోపీ బొమ్మ గీసి బాణం గుర్తు కూడా పెట్టింది. అరగంటయ్యాక చూస్తే వట్టిగడ్డ నీళ్లయింది, టోపీలోది టోపీలోనే కులాసాగా ఉంది. చప్పట్లమ్మ టోపీని తిరగేసింది, బోర్లేసింది, లోపల వేలు పెట్టి చూసింది. తప్పు టోపీదేమో అని.

ఉండబట్టలేక గట్టిగానే నవ్వాను. మేడమ్, అయితే మీరే చెప్పండి అంది. ముఖం కందిపోయి ఉంది. చెప్పాను. ఉన్ని వేడిని పుట్టించదు, ఉన్న వేడిని దాటనివ్వదు, లోపలున్నది మనిషైతే వేడి బయటికి పోనివ్వదు, ఐసైతే లోపలికి రానివ్వదు. పది నిమిషాలు పట్టింది. ఇద్దరు నిద్రపోయారు. ఒకడు కూర్చున్నచోటే తడిపేశాడు. ఆయా తుడుపుగుడ్డ తెచ్చింది. ఆసక్తి లేని విద్యార్థులు నాకేమీ కొత్త కాదు.

గుండుసూదికి ఇదంతా ముందే తెలుసు. ఇవాళ్టి ప్రయోగం ఏమిటో నిన్ననే చెప్పారు కాబట్టి పొద్దున జడ వేస్తూ చెప్పాను. మరి చెయ్యెత్తి చెప్పలేదేమే అని అడిగాను. అందరూ తప్పు చెప్తుంటే చూడ్డం బాగుంది అంది. అచ్చం నా పోలికే.

డిసెంబరు 9, సోమవారం

కాగితం మంచుపువ్వులు. చప్పట్లమ్మ కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచింది. కత్తిరించి విప్పితే ఎనిమిది రేకులు. మంచుపలుకుకి ఆరు కోణాలుంటాయి. ఎక్కడైనా ఆరే. నీటి అణువుల అమరిక అది, చప్పట్లకి మారదు. ఎనిమిది రేకుల మంచు ఈ లోకంలో ఈ గదిలోనే పడింది.

నేను నోరెత్తలేదు. నిట్టూర్చానంతే. గుండుసూది కత్తెర పట్టుకుని అలాగే కూర్చుంది. చప్పట్లమ్మ పక్కన కూర్చుని బతిమాలింది, ఒక్క గాటు పెట్టు బంగారం, ఒక్కటి చాలు అని. పెట్టలేదు.

ఇంటికొచ్చాక కాగితాన్ని సగానికి, ఆ సగాన్ని మూడుకి ఎలా మడవాలో చూపించాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని గంటసేపు కత్తిరించింది. ఆరు రేకులు, రేకుకి మూడేసి పళ్లు, ఎక్కడా వంకర లేదు. రేపు బడికి తీసుకెళ్లవే అన్నాను. తల అడ్డంగా ఊపింది. అక్కడ పెడితే పాడవుతుందట.

డిసెంబరు 11, బుధవారం

ఇవాళ చప్పట్లమ్మ నా కంటబడగానే చప్పట్లు కొట్టబోయి సగంలో ఆపేసింది. మంచిదే. చెవులు తెరిపిన పడ్డాయి.

డిసెంబరు 13, శుక్రవారం. సాయంత్రం 5

బ్యాగులో అట్టముక్కతోపాటు ఒక షీటు వచ్చింది. హెడ్ మేడమ్‌కి వెళ్లాల్సింది, ఆయా పొరపాటున దీనిలో పెట్టేసింది. పైన పిల్ల పేరు. చదవకూడదు. చదివాను.

నురగ మంచు: చెయ్యి పెట్టబోయింది. అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ పెదవి విరిచారు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

గ్లిటర్: అదే.

ఐసు, టోపీ: పెదవి కదిలింది, చెప్పబోయింది. అమ్మమ్మ నవ్వారు. ఆగిపోయింది.

కత్తిరింపు: కత్తెర పట్టుకోవడం చక్కగా వచ్చు. అమ్మమ్మ నిట్టూర్చారు. కత్తిరించలేదు.

అడుగున ఇంకా రాసి ఉంది. ఈ పిల్లకి భయం లేదు, తెలివి తక్కువా లేదు. తప్పొస్తే ఎవరు నవ్వుతారో అని ముందే చూసుకుంటుంది. మేడమ్, ఆవిడ గదిలో ఉంటే నాకూ చేతులాడటం లేదు. పెద్దావిడ, నొచ్చుకుంటారేమో, ఏం చెయ్యాలో చెప్పండి.

పెదవి విరిచానట. నేను! పాతికేళ్లు లేవు, టోపీలో వేలు పెట్టి వెతికిన మనిషి నా మీద అబ్జర్వేషన్లు రాస్తోంది.

5.40

అద్దంలో చూసుకున్నాను. ఊరికే నిలబడి. ఏమీ అనుకోకుండా. పెదవి ఎడమ పక్కకి విరిగే ఉంది.

7

అమ్మాయి డ్యూటీ నుంచి రాగానే షీటు చేతికిచ్చాను. చూడు ఈ వెటకారం అని. చదివింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ టీచరు పది రోజుల్లో కనిపెట్టింది, నాకు ఇరవై ఏళ్లు పట్టిందమ్మా అంది. పాట నేర్చుకుంటూ నీ మొహం చూసేదాన్ని, బొమ్మ వేస్తూ నీ మొహం చూసేదాన్ని, చివరికి ఏదీ చెయ్యకపోతే నువ్వేం అనలేవని అన్నీ మానేశాను, ఇప్పుడు దాన్నైనా వదలవే తల్లీ అంది. నన్ను 'తల్లీ' అంది, 'వే' అంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు.

బడి తెరిచిన కొత్తలో గుండుసూది తనే చేసి తెచ్చేదని మొన్న నేనే రాశాను. ఎందుకు మానేసిందో రాయలేదు.

అమ్మాయి పాట నిజంగానే బాగుండేది కాదు. కానీ అప్పుడు దానికి ఏడేళ్లు.

డిసెంబరు 16, సోమవారం

క్లాసులో పొద్దుట్నుంచీ నవ్వుముఖం పెట్టుకుని కూర్చున్నాను. పదకొండింటికి ఆయా వచ్చి పన్ను నొప్పా పెద్దమ్మగారూ, లవంగం ఏమన్నా తెచ్చిపెట్టనా అంది. గుండుసూది నావైపు చూసింది. నమ్మలేదు.

డిసెంబరు 17, మంగళవారం

నేను ఇంట్లోనే ఉండిపోతానన్నాను. దిగబెట్టడానికి వెళ్తే బడి గేటు దగ్గర గుండుసూది నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదల్లేదు. అవి ఊడే పరిస్థితి వచ్చాక లోపలికి నడిచాను. ఇవాళ కాగితం చేతితొడుగులు కుట్టడం. గోడ, వెనక్కి కట్టిన చేతులు. ఇంక మూడు రోజులు.

డిసెంబరు 19, గురువారం

రేపు లిస్టు. చివరి పని ఇవాళే.

చప్పట్లమ్మకి ఎదురెళ్లి షీటు తిరిగిచ్చాను. చదివానని చెప్పాను. పాపం, ముఖం పాలిపోయింది. క్షమించండి మేడమ్ అని మొదలెట్టింది. అందులో తప్పేమీ లేదు, పరిశీలన బాగా చేశావు, నా స్టూడెంట్లలో సగం మందికి అంత చూపు లేదు అన్నాను. చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. తర్వాత నా కుర్చీని గోడవైపు తిప్పుకుని క్లాసుకి వీపు పెట్టి కూర్చున్నాను. ముఖం మారనప్పుడు దాన్ని తీసేయడమే దారి.

వెనకనుంచి ఒక పిల్లవాడు ఆ అమ్మమ్మ ఏం తప్పు చేసింది టీచర్ అని అడిగాడు. టీచరు తడబడింది. పెదవి విరిచానురా అని నేనే చెప్పాను. అందుకా అని సర్దుకున్నాడు. వాళ్ల లోకంలో అది న్యాయంగానే ఉంది.

ఈ చివరి పనిలో కాస్త ఫిజిక్స్ ఉంది, ఒప్పుకోవాలి. ఒక ప్లాస్టిక్ కవరులో వనస్పతి వేసి, అందులో ఇంకో కవరు దూర్చి, ఆ లోపలి కవరులో చెయ్యి పెట్టి ఐసునీళ్లలో ముంచాలి. చలిదేశాల జంతువులని కొవ్వు ఎలా కాపాడుతుందో తెలుస్తుంది. నిన్ననే చప్పట్లమ్మ ఇంట్లో చేసి చూసుకుని వచ్చిందట. టోపీ నేర్పిన పాఠం.

నాకు గోడ కనబడుతోంది. పెచ్చు ఊడినచోట పాత ఆకుపచ్చ రంగు. వెనక నీళ్ల చప్పుడు, కేకలు, అబ్బ చల్లగా ఉందిరా అనడాలు. అమ్మమ్మా అని సన్నగా వినబడింది. తిరగలేదు. అమ్మమ్మా, ఇటు చూడు అంది. ఈసారి కాస్త పెద్దగా. మెడ దానంతట అదే తిరగబోయింది. కుర్చీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో అంత కష్టమైన డ్యూటీ చేయలేదు. తర్వాత ఇక పిలవలేదు. అది గోడకి చేరి ఉంటుందనుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను.

ఉన్నట్టుండి నా మెడ మీద మంచుముద్దలాంటి తడిచెయ్యి పడింది. కెవ్వుమన్నాను. కుర్చీ వెనక్కి పడింది, నేనూ పడ్డాను.

క్లాసు విరగబడి నవ్వింది. గుండుసూది నా పైకి వంగి, ఇది వట్టిచెయ్యి అంది. రెండో చెయ్యి తెచ్చి ఇంకో పక్కన పెట్టింది. పొడిగా, వెచ్చగా ఉంది. ఇది కొవ్వుచెయ్యి, తేడా తెలిసిందా అంది. గదంతటికీ వినబడేలా. ఐసు వేసి ముంచాను, వంద లెక్కపెట్టాను, మధ్యలో ఎనభై మర్చిపోయాను అయినా ఫరవాలేదు, అని ఊపిరి తీసుకోకుండా అందరికీ చెప్పింది. చప్పట్లమ్మ కొట్టిన చప్పట్లకి నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.

నడుము పట్టేసింది. ప్రయోగంలో పోల్చడానికి వట్టిచెయ్యి కూడా ఉంచాలని దానికెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

డిసెంబరు 20, శుక్రవారం

లిస్టులో ఉంది. హెడ్ మేడమ్ నాతో కరచాలనం చేసి వసంతకాలం కార్యక్రమానికి కూడా రమ్మంది. మట్టితో సీతాకోకచిలకలట. నడుము నొప్పని చెప్పాను.

డిసెంబరు 23, సోమవారం

బడికి సెలవులు. గుండుసూది అట్టపెట్టెతో పెంగ్విన్ చేసింది. ఒక కాలు పొడుగు, ముక్కు తలకిందులు. ఎలా ఉంది అని అడిగింది. బాగాలేదన్నాను. నాకు తెలుసులే అంది, వేలికంటిన గ్లూ నాకుతూ దానికి రెండో కన్ను అతికించింది.