పాండురంగయ్య సార్ కోసం పాటించిన మౌనం

అశోక్ నగర్, హైదరాబాద్
మంగళవారం

సుగుణక్కకు,

నీ చెల్లెలు స్వరూప నమస్కారాలు. నువ్వు, బావ, చిన్ని ముగ్గురూ కులాసాగా ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను, దగ్గు కూడా తగ్గింది. ఒంటికి సంబంధించినంతవరకు అబద్ధం ఏమీ లేదు. మనసే బాగాలేదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వు ఫోన్ స్పీకర్లో పెట్టి పొయ్యి పక్కన పెడతావు, నా మాట నీకంటే ముందు పక్కింటివాళ్లకు చేరుతుంది. అందుకే కాగితం తీసుకున్నాను. దయచేసి దీన్ని పైకి చదవకు.

మొన్న మాట్లాడినప్పుడు పెద్దమ్మ ఎట్లా ఉందని అడిగితే "బాగనే ఉండొచ్చు" అన్నావు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఎందుకో ముందు మొత్తం చెప్పాక రాస్తాను.

ఇక్కడ వానలు ఆగడం లేదు. పోయిన వారం మా హాస్టల్ సందులో నీళ్లు పాదాలు మునిగేలా నిలిచాయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. నా గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నారు. ఈ వీధి వీధంతా వాళ్లే. టీ కొట్టు దగ్గర నిలబడ్డా నదుల పేర్లు, రాజుల పేర్లు అప్పజెప్పుకుంటూనే ఉంటారు. నేను ఏ పరీక్ష రాస్తున్నానని అడుగుతారు. ఏదీ లేదంటే జాలిగా చూస్తారు. హాస్టల్ సాంబారు గురించి రాసి కాగితం పాడుచేయను. చిక్కడపల్లిలో ఒకామె సాయంత్రాలు బండి మీద జొన్నరొట్టెలు కాలుస్తుంది. మన రొట్టెలో సగం ఉంటుంది, అయినా రెండు రోజులకోసారి వెళ్తాను. వీలైతే బావను ఎవరితోనైనా పల్లీల పొడి పంపించమను. కారం కాస్త ఎక్కువ వేయి.

నేను హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసర్ అయ్యానని నువ్వు వనపర్తి అంతా చెబుతున్నావట. ఆ ప్రచారం ఆపు అక్కా. నేను ల్యాబ్ టెక్నీషియన్ల సంఘంలో కార్యక్రమాలు చూసుకునే మనిషిని, అంతే. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ మూడు శాఖలకూ కలిపి చిక్కడపల్లిలో ఒక మేడమీది గది ఉంది, అదే ఆఫీసు. నెలకో ఆదివారం సభ పెడతారు. నేను రాకముందు ఆ సభ ఎట్లా జరిగేదంటే, దీపం వెలిగించడం, నలుగురికి శాలువాలు కప్పడం, ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం, భోజనం. సభ్యులు సరిగ్గా భోజనం వేళకు వచ్చేవారు. హాజరు పుస్తకంలో ఒకే చెయ్యి ముగ్గురి సంతకాలు పెట్టేది. జనం రావడం లేదు, ఏదైనా కొత్తగా చేయమని నన్ను పెట్టుకున్నారు. వనపర్తి ల్యాబులో తొమ్మిదేళ్లు పనిచేసిన అనుభవం ఒకటి, నా వాగుడు ఒకటి. నువ్వు చిన్నప్పటి నుంచీ తిట్టిన ఆ నోరే నాకు ఉద్యోగం ఇప్పించింది.

మొదట్లో బాగానే చేశాను. రక్తం స్లైడ్లు తెర మీద వేసి ఇద్దరిద్దరిని జట్లు చేసి ఏ జబ్బో చెప్పమన్నాను. ఓడిన జట్టు అందరికీ టీలు అందించాలి. పెద్దవాళ్లు కూడా పంతాలకు పోయి పోట్లాడుకున్నారు. ఇరవై మంది వచ్చే చోట అరవై మంది రావడం మొదలైంది. ఆ ఉత్సాహంలో ఇంకోటి పెట్టాను. ఒక్కొక్కరు లేచి, తాము పనిలో చేసిన ఒక తప్పును చెప్పాలి. అది విని మిగతావాళ్లు జాగ్రత్త పడతారని నా ఆలోచన. ఎవరూ లేవలేదు. మా కార్యదర్శి మధుసూదన్ గారు మాత్రం లేచి, తన సర్వీసులో తప్పు జరిగిన గుర్తు లేదని చెప్పి కూర్చున్నారు. నేను గదికొచ్చి ఆ సంగతి తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తోంది.

అసలు విషయానికి వస్తాను. మా సభలన్నీ చనిపోయిన సభ్యుల కోసం ఒక నిమిషం మౌనంతో మొదలవుతాయి. ఆ పేర్ల జాబితా రాయడం నా పని. రెండు నెలల కింద, సభకు నాలుగు రోజుల ముందు, మా ఫోన్ గ్రూపులో ఎవరో పాత ఫొటోలు వేస్తూ పాండురంగయ్య గారి ఫొటో ఒకటి వేశారు. మెడలో గులాబీ దండ, భుజాన శాలువా. ఎప్పటిదో సన్మానం ఫొటో. కింద ఒక్క మాట లేదు. దాని కింద ఒకాయన "ఓం శాంతి" అని పెట్టాడు. ఇక చూసుకో, నలభై మంది వరసగా అదే పెట్టారు. మా గ్రూపులో అంతే, మొదటివాడు ఏది పెడితే అందరూ అదే పెడతారు. పైకి వెళ్లి చూసేవాళ్లు ఉండరు.

పాండురంగయ్య గారు అశోక్ నగర్ శాఖ పెట్టిన మనిషి. సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్లకు పైగా స్లైడ్లు చూశారు. నేను ఆయనను ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం విన్నాను. ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాను. చావు జరిగిన ఇంటికి ఫోన్ చేసి నిజమేనా అని ఎట్లా అడగడం అని ఆగిపోయాను. మధుసూదన్ గారిని అడిగితే గ్రూపులో ఉంది కదా అన్నారు. నేను రాసేశాను. సభలో మైకు ముందు నిలబడి చదివేశాను కూడా. అరవై మంది లేచి తలలు వంచారు. అందులో ఆయనతో కలిసి పనిచేసినవాళ్లు ఉన్నారు, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. ఒక్కరు కూడా మొన్ననే చూశాను కదా అనలేదు. ఎందుకంటే ఎవరూ చూడలేదు. కాలు దెబ్బతిని ఆయన సభలకు రావడం మానేసి మూడేళ్లయింది. ఆయన ఇల్లు ఆ సభ జరిగిన హాలుకు పది నిమిషాల నడక.

మర్నాడు పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఒక పెద్దావిడ గొంతు.

"నేను పాండురంగయ్య గారి భార్యను మాట్లాడుతున్న. మీ సంఘపోళ్లు ఇద్దరు దండ పట్టుకొని మా ఇంటికొచ్చిన్రు. ఆయననే పోయి తలుపు తీసిండు."

నేను ఏం చెప్పానో గుర్తులేదు. మధుసూదన్ గారికి చెబితే, పొరపాటు జరిగిందని గ్రూపులో ఒక ముక్క పెట్టి ఇక ఆ విషయం కదపొద్దన్నారు. పెట్టాను. దాని కింద మళ్లీ నలభై దండం బొమ్మలు. వాళ్లు ఎవరికి దండం పెడుతున్నారో వాళ్లకైనా తెలుసా అని ఒళ్లు మండిపోయింది. తర్వాత నా మీద నాకే మండింది.

ఆ సాయంత్రం పండ్లు కొనుక్కుని వాళ్లింటికి వెళ్లాను. ఒక జిరాక్స్ షాపు వెనకాల రెండు గదులు. గేటు ముందు చాలాసేపు నిలబడ్డాను, వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను కూడా. అనసూయమ్మ గారు, ఫోన్ చేసినావిడే, చూసి లోపలికి పిలిచారు. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, పక్కన చేతికర్ర. బల్ల మీద తెల్ల గుడ్డ కప్పిన పాత మైక్రోస్కోపు. నేనే ఆ పేరు చదివినదాన్ని అని చెప్పాను. తిడతారనుకున్నాను. ఏ ల్యాబులో చేశావు, ఎన్నేళ్లు చేశావు అని నింపాదిగా అడిగారు. తర్వాత అడిగిందే నన్ను ఈ రెండు నెలలుగా పీక్కు తింటోంది.

"రక్తం తీసినంక ట్యూబు మీద పేరు రాసే ముందట ఏం చేస్తవ్ బిడ్డా?"

"పేషెంటునే పేరు అడుగుతా సార్."

"కాగితం మీద పేరు రాసే ఉంటది గద. మల్ల ఎందుకు అడుగుడు?"

"కాగితం తప్పు ఉండొచ్చు సార్."

"మరి నన్నెందుకు అడగలే?"

అక్కా, తొమ్మిదేళ్లలో ఒక్క ట్యూబు మీద కూడా మనిషిని అడగకుండా పేరు రాయలేదు నేను. చంటిపిల్లలయితే తల్లిని రెండుసార్లు అడిగేదాన్ని. అట్లాంటిదాన్ని బతికున్న మనిషికి చావు రాసేశాను. ఏడుపొచ్చింది. ఆయన ఆపమనలేదు, అనసూయమ్మ గారు మంచినీళ్లు ఇచ్చారు. కాసేపటికి ఆయన ఇంకో మాట అడిగారు, సభలో తన కోసం ఎంతసేపు నిలబడ్డారని. మధుసూదన్ గారు భోజనాలు ఆలస్యమవుతాయని ఎప్పుడూ ముందే కూర్చోమంటారు. ఇరవై సెకన్లు ఉంటుందేమో సార్ అన్నాను. ఆయన నవ్వారు. నిమిషం కూడా నిలబడలేదన్నమాట అన్నారు.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. ఆయన మైక్రోస్కోపు తుడిచి పెడతాను, అనసూయమ్మ గారికి కూరగాయలు తెస్తాను. ఆవిడ పచ్చిపులుసు చేస్తారు, అచ్చం నీ చేతిదే. మొన్నటి ఆదివారం నారాయణగూడలో సభ ఉందని చెప్పి రమ్మని అడిగాను. వస్తాను గాని వేదిక వద్దు, శాలువా వద్దు, దండ అసలే వద్దు అన్నారు. వెనక వరసలో కూర్చుంటాను అన్నారు. ఆయన వస్తున్నారంటే మధుసూదన్ గారు మాత్రం ఎగిరి గంతేశారు. ఘనంగా సన్మానం చేసి ఫొటోలు పెడితే పాతది జనం మర్చిపోతారని ఆయన లెక్క. నేను అందరి ముందు తప్పు ఒప్పుకుంటానంటే ముఖం మాడ్చుకుని, ఆ మాట ఎత్తితే కమిటీ నన్ను ఉంచుతుందని తాను చెప్పలేనన్నారు. నీకు తెలుసు కదా, వనపర్తి ల్యాబులో నా కుర్చీలోకి ఎప్పుడో ఇంకొకరు వచ్చేశారు. ఇక్కడ పోతే నాకు అక్కడా ఏమీ లేదు. సభ రోజు పొద్దున దాకా నేను నోరు మూసుకుందామనే అనుకున్నాను, నీ దగ్గర దాచడం ఎందుకు.

ఈసారి జాబితాలో ఒకే పేరు. విజయలక్ష్మి గారని నారాయణగూడ శాఖ, ఇళ్లకు తిరిగి రక్తం తీసే పని చేసేవారు. ముషీరాబాద్‌లో వాళ్లింటికి నేనే వెళ్లి, ఆమె కూతురి దగ్గర కూర్చుని, విషయం కనుక్కుని వచ్చాను. పేరు చదివాను. అందరూ లేచారు. వెనక వరసలో సార్ కూడా చేతికర్ర ఆనించుకుని మెల్లగా లేచి, చేతి గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. ఎప్పటిలాగే ఇరవై సెకన్లకు మధుసూదన్ గారు కూర్చోమన్నారు. అందరూ కూర్చున్నారు. సార్ కూర్చోలేదు.

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. ఆయన తల వంచుకుని గడియారం చూస్తూనే ఉన్నారు. ముందు ఆయన పక్కనున్నామె లేచింది. తర్వాత ఇంకొకరు. కాసేపటికి హాలంతా మళ్లీ లేచి నిలబడింది, మధుసూదన్ గారు కూడా. ఒక నిమిషం అంత పొడుగ్గా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నిమిషం పూర్తయ్యాక సార్ కూర్చున్నారు.

నేను మైకు వదల్లేదు. అప్పుడు ఆలోచించి ఉంటే చెప్పేదాన్ని కాదేమో. "ఆ మధ్య ఒక సభల మీ తప్పు చెప్పమంటే ఎవరూ లేవలే. నా తప్పు నేను చెప్త" అని మొదలుపెట్టి ఫొటో దగ్గర నుంచి దండ దాకా అన్నీ చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు, నా పేరు తప్ప. నేను దిగాక ఒక పెద్దావిడ లేచి, ఇద్దరు పిల్లల ట్యూబులు తారుమారు చేసిన రోజు సంగతి చెప్పింది. ఆ తర్వాత ఇంకొకాయన లేచాడు. భోజనాలు చల్లారిపోయాయి. నేను పెట్టిన కార్యక్రమాల్లో అదొక్కటే సరిగ్గా జరిగిందేమో.

వెళ్లేటప్పుడు సార్ హాజరు పుస్తకం అడిగి తన సంతకం తానే పెట్టారు. నన్ను క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఆటో ఎక్కించాక, శుక్రవారం వస్తావు కదా అని మాత్రం అన్నారు. మధుసూదన్ గారు రేపు కమిటీ ముందుకు ఆఫీసు తాళాలు తీసుకుని రమ్మన్నారు. తాళాలు ఎందుకో నాకు తెలియనిది కాదు. భయంగా ఉంది అక్కా, చాలా భయంగా ఉంది. ఊళ్లో ఎవరైనా అడిగితే ఆఫీసర్ కథ ఇక చెప్పకు. ఏమైనా శుక్రవారం మాత్రం సార్ వాళ్లింటికి వెళ్తాను, దానికి ఎవరి తాళం అక్కర్లేదు.

బావకు నమస్కారాలు చెప్పు. చిన్నిని ముద్దు పెట్టుకున్నానని చెప్పు, బడి ఎగ్గొట్టొద్దను. ఈ కాగితం నీకు చేరేసరికి బుధవారం దాటిపోతుందని తెలుసు, అయినా చదవగానే నన్ను ఒకసారి దీవించు.

ఇక పెద్దమ్మ సంగతి. ఆమె ఇల్లు నీకు రెండు వీధుల అవతల. మనిద్దరం తప్ప ఆమెకు ఎవరున్నారు? వాళ్లు చెప్పారు, వీళ్లు చెప్పారు అని నాకు రాయొద్దు. నువ్వే వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఎట్లున్నవ్ పెద్దమ్మా అని ఆమెనే అడిగి, ఆమె ఏమందో ఆ మాటే నాకు రాయి. నా బదులు కాళ్లకు దండం పెట్టు. ఏమీ పట్టుకెళ్లకపోయినా ఫర్వాలేదు. మనం దండ పట్టుకుని వెళ్లే రోజు రాకముందే ఒకసారి ఉత్త చేతులతో వెళ్లు.

నీ చెల్లెలు,
స్వరూప