నేలపుట్టుగలో అంతా దివ్యంగా ఉంది

హైదరాబాదు,
12-8-2008

పూజ్యులైన పెదనాన్న త్రినాథరావు గారికి హేమలత నమస్కరించి రాస్తున్నది.

రిటైరైన పోస్టుమాస్టరువి కదా, ఫోన్లో చెప్పింది నమ్మవు. అందుకే ఉత్తరం.

మా కాలేజీలో చివరి ఏడాది ఒక డాక్యుమెంటరీ తీయాలి. మన ఊరు తీస్తానన్నాను. మంచినీళ్ళ ట్యాంకు కట్టి నాలుగేళ్ళు, ఇంతవరకు అందులో చుక్క పడలేదు. ఇంటికొకరికి కిడ్నీ జబ్బు. ఎందుకొస్తుందో డాక్టర్లు ఇంకా తేల్చలేదు గానీ, బోరు నీళ్ళు మానెయ్యమని మాత్రం చెబుతున్నారు. మానేసి ఏం తాగాలి? అదే నా సినిమా. యూట్యూబులో పెడతాను, ఆర్కుట్‌లో వెయ్యిమందికి పంపుతాను. వాళ్ళంతా నీళ్ళ ఆఫీసుని అడుగుతారు.

దసరా సెలవుల్లో ఇద్దరు స్నేహితులతో, కెమెరాతో వస్తున్నాను. ఊరిని ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి.

మీ హేమ

తా.క.: కిడ్నీ పరీక్షలో పెద్దమ్మ క్రియాటినిన్ ఇప్పుడెంత? ఒకటి దాటితే చెడ్డదంటున్నారు.

---

నేలపుట్టుగ, పూండి మీదుగా,
25-8-2008

చి॥ హేమలతకి పెదనాన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం రేషన్ షాపు దగ్గర అందరికీ చదివి వినిపించాను. కిడ్నీ అన్న చోట దగ్గి, తర్వాతి లైనుకి పోయాను. తప్పదమ్మా. ఆ మాట ఊరి పేరు పక్కన పడితే మన కుర్రాళ్ళకి పిల్లనిచ్చేవాడు లేడు. మా వాడు, మీ అన్నయ్య సూర్యప్రకాష్‌కి ముప్ఫై ఒకటి నిండాయి. మొన్న నరసన్నపేట సంబంధం వాళ్ళు బస్సు దిగి, మన ఊరి బోర్డు చదివి, అదే బస్సు ఎక్కేశారు.

వెయ్యిమంది చూస్తారనేసరికి పెళ్ళికాని కుర్రాళ్ళున్న పద్నాలుగిళ్ళకీ సున్నాలు పడ్డాయి. నూకాలమ్మ అయితే, "ఓలమ్మ! వెయ్యిమంది సూత్తారా? మావోడికి కొత్త సొక్కా కుట్టించాల" అని టైలరు దగ్గరికి పరిగెత్తింది. నువ్వు ఉన్నది ఉన్నట్టు అన్నావు కాబట్టి మేం పెద్దగా ఏమీ చెయ్యలేదు. ట్యాంకుకి మాత్రం నీలం రంగు వేయించాం.

ఇట్లు,
త్రినాథరావు

తా.క.: మీ పెద్దమ్మకి 2.8. పక్కింటి గౌరమ్మకి 3.1. ఆవిడ ముందుందని మీ పెద్దమ్మకి కొంచెం చిన్నతనంగా ఉంది.

---

హైదరాబాదు,
20-10-2008

పెదనాన్నా, నమస్కారాలు చివర్లో పెడతాను. ముందు నా ఏడుపు విను.

ఆరు టేపులు తీశాం. ఆరింటిలోనూ ఊరు ఊరంతా పెళ్ళి వీడియోలో లాగా వరసగా నిలబడి, కెమెరా వైపు రెప్ప వేయకుండా నవ్వుతోంది. మంచినీళ్ళడిగిన ప్రతి గుమ్మంలోనూ కొబ్బరి బొండాం కొట్టిచ్చారు. ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయంటే నూకాలమ్మ, "బొండం తాగి సూడు పాపా" అంది. ఆరోగ్యం ఎలా ఉందని పెద్దమ్మని అడిగితే పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, "దివ్యంగా ఉంది" అంది. ముందురోజే పలాస ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి! ఇక అన్నయ్య. ట్యాంకు తీస్తే ట్యాంకు వెనకనుంచి వచ్చాడు, నీలం చొక్కాలో, దువ్వెనతో. జీడితోట తీస్తే చెట్టు దిగి వచ్చాడు.

గడువు మీద పడి, ఉన్నదే కూర్చి తొమ్మిది నిమిషాలు యూట్యూబులో పెట్టాను. చివర్లో నీళ్ళు లేవని నేనే చెప్పాను గానీ, అంతదాకా ఎవరూ చూసినట్టు లేదు. "ఎంత అందమైన ఊరు! గదులు అద్దెకిస్తారా?" అని ఒకాయన రాశాడు.

నమస్కారాలతో,
హేమ

తా.క.: "ఆ నీలం చొక్కా అబ్బాయి ఎవరండీ?" అని టెక్కలి నుంచి ఎవరో అడిగారు. నేను జవాబివ్వలేదు.

---

నేలపుట్టుగ,
5-11-2008

చి॥ హేమలతకి దీవెనలు.

నీ సినిమా నీళ్ళ ఆఫీసువాళ్ళు కూడా చూశారు. వాళ్ళ ఉత్తరం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "చిత్రములో గ్రామస్తులు ఆరోగ్యముగా, సంతోషముగా, బొండములతో కనిపించుచున్నందునను, ట్యాంకు నీలముగా మెరయుచున్నందునను, మీ అర్జీ పరిష్కారమైనట్లు భావించి మూసివేయడమైనది."

నాలుగేళ్ళ అర్జీ అది. ఎన్నిసార్లు తిరిగానో నా చెప్పులకే తెలుసు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొస్తుంటే మీ పెద్దమ్మ బోరు నీళ్ళ బిందెతో ఎదురొచ్చింది. ఆవిడకి ఈసారి 3.4. "ఏటయ్యింది, అలాగున్నావు?" అంది. దుఃఖం ఆగలేదు హేమా. నడివీధిలో ఏడ్చాను.

తప్పు నీది కాదు. నోరు మూసుకున్నది మేము.

త్రినాథరావు

తా.క.: జవాబివ్వలేదా? నీకు బుద్ధుందా? ఆ టెక్కలివాళ్ళకి ఇవాళే రాయి!

---

హైదరాబాదు,
15-11-2008

పెదనాన్నకి నమస్కారాలు.

రాశాను. ఆయన పేరు పోలారావు, టెక్కలిలో నెట్ సెంటరు. కూతురు జ్యోత్స్న అక్కడే కంప్యూటరు నేర్పుతుంది. సినిమా నాలుగుసార్లు చూసిందట. ఊరు కూడా చూడాలని ఈ నెలాఖరు ఆదివారం వాళ్ళే వస్తామన్నారు.

జబ్బు సంగతి నేను చెప్పలేదు. అర్జీ మళ్ళీ తెరిపించాలంటే ఊరు నోరు విప్పాలి. విప్పితే ఈ సంబంధం పోతుంది. నాకేమీ తోచడం లేదు, మీ ఇష్టం.

హేమ

తా.క.: ఆదివారం ఒక్కరోజు అన్నయ్య దగ్గర దువ్వెన లాక్కోండి.

---

నేలపుట్టుగ,
28-12-2008

చి॥ హేమలతకి పెదనాన్న సంతోషంగా రాయునది.

వచ్చారు. టెక్కలివాళ్ళకి బొండాలు సిద్ధం. పిల్లకి పకోడీ కారమై దగ్గొచ్చింది. "బొండాం వద్దండి, మంచినీళ్ళివ్వండి" అంది. నూకాలమ్మ కంగారులో బోరు నీళ్ళు గ్లాసుతో తెచ్చేసింది. ఆ పిల్ల నోటిదాకా తెచ్చుకుందో లేదో, మీ పెద్దమ్మ ఒక్క ఉదుటున లేచి గ్లాసు లాక్కుంది.

"తాగకమ్మా! నాకు మూడు పాయింటు నాలుగు. ఈ నీల్లు తాగించి కోడల్ని తెచ్చుకోనేను. నీకు ఇట్టం నేకపోతే యెల్లిపో తల్లీ, ఇది మాత్రం తాగకు."

కిటికీలోంచి గౌరమ్మ, "నాకు మూడు పాయింటు ఆరు" అంది. వాకిట్లో ఇంకొకావిడ, "మా ఆయనకి ఐదు." ఒక్కొక్కరే అందరూ చెప్పేశారు. నేను తల దించుకున్నాను. మీ అన్నయ్య గోడకి చేరబడిపోయాడు.

జ్యోత్స్న కళ్ళు తుడుచుకుని అంది కదా: "అబ్బాయి నచ్చారు. అత్తగారు ఇంకా నచ్చారు. ట్యాంకులో నీళ్ళొచ్చిన రోజు పెళ్ళి. ఒక్కరోజు ముందు కూడా కుదరదు."

మర్నాటి నుంచి మీ అన్నయ్య నీళ్ళ ఆఫీసు తలుపు తీసేవేళకి గుమ్మంలో ఉంటున్నాడు. శుభలేఖ ఆ అమ్మాయే కంప్యూటరులో కొట్టింది. వేదిక: ట్యాంకు కింద. ముహూర్తం ఖాళీ. దాని కింద, "తేదీ తెలియజేయవలసినవారు: నీళ్ళ ఇంజనీరు గారు." ఇంటికొకటి చొప్పున అందరూ ఆయనకే రిజిస్టరు పోస్టులో పంపారు. ప్రతి శుభలేఖ వెనకా ఆ ఇంటివాళ్ళ క్రియాటినిన్ రాశాం. ఈసారి నేను దగ్గలేదు. కార్డు ఆర్కుట్‌లో పెడితే, ఎక్కడెక్కడివాళ్ళో ఆఫీసుకి ఫోన్లు చేసి పెళ్ళెప్పుడని అడుగుతున్నారట.

ఇట్లు,
కాబోయే మామగారు త్రినాథరావు

తా.క.: నిన్న ఇంజనీరు గారు పైపుల లారీ వెంట స్వయంగా వచ్చారు. "మాఘంలో పెట్టుకోండి బాబూ, ఈలోగా నీళ్ళిచ్చేస్తాను. ఇంటికెళ్తే మా ఆవిడ కూడా పెళ్ళెప్పుడనే అడుగుతోంది, అన్నం పెట్టడం లేదు" అన్నారు.