ఎవరి గ్లాసు వాళ్లదే

ఉషారాణికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ బిలాస్‌పూర్ నుంచి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. అత్తయ్య కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచిందని రాశావు, సంతోషం. తొందరపడి బయలుదేరకు. మోకాలికి మందు రాసుకుంటున్నాను. నువ్వడిగిన కరివేపాకు మొక్క బతికే ఉంది. పక్క క్వార్టర్ వాళ్లు అడిగి కొంత, అడక్కుండా కొంత కోసుకుపోతున్నారు.

మన చర్చిలో ప్లాస్టిక్ మానేస్తున్నారట, నిజమేనా అని కూడా అడిగావు. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

మానేస్తున్నారు. గొప్పగా మానేస్తున్నారు. సెక్రటరీ ప్రతాప్ పోయిన ఆదివారం సృష్టి గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. దేవుడిచ్చిన తోటను మనమే పాడుచేస్తున్నామని గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. చర్చి వెనక కాలువ ముఖం ఆయన ఏనాడూ చూడలేదు. ప్రభువు బల్ల రోజున అందరికీ పంచే ద్రాక్షరసం తాగి పారేసిన ప్లాస్టిక్ కప్పులన్నీ అందులోకే పోతాయి. నా రోజు పుస్తకంలో రాసే ఉంది, నెలకు నూట నలభైకి తక్కువ లేదు. మొన్నటి వానకు కాలువ పొంగి నీళ్లు మెట్లెక్కాకే ఈ భక్తి పుట్టింది. పెద్దల చెప్పులు తేలిపోయాయి మరి.

ప్లాస్టిక్ పోతే కరోనాకు ముందు వాడిన పాత గాజు కప్పులు వస్తాయి కదా అనుకున్నాను. బీరువాలో అలాగే ఉన్నాయి. కమిటీలో ఒక్కరూ వాటి ఊసెత్తలేదు. ప్రతి కుటుంబం ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తెచ్చుకోవాలి, ఇంటికి తీసుకెళ్లి కడుక్కోవాలి అని తీర్మానించారు.

"భూమికీ మంచిది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నోటీసు మీరే రాయండి పైడిరాజు గారూ" అన్నాడు ప్రతాప్.

ఎవరికి ఏం ఇబ్బందో నీకు చెప్పక్కర్లేదు. నువ్వూ నీలవేణీ పదేళ్లు ఆ కప్పులు కడిగారు. నీలవేణి స్టేషన్‌లో ఊడ్చే మనిషి. ఆమె కడిగిన కప్పులోది ఆ పెద్దమనుషులకు ఎప్పుడూ సరిగ్గా గొంతు దిగలేదు. మనమంతా ఒకే శరీరమని కళ్లు మూసుకుని పాడతారు. కళ్లు తెరవగానే గ్లాసు ఎవరు కడిగారని చూస్తారు. అప్పుడు సాకుగా కరోనా దొరికింది. ఇప్పుడు భూమి దొరికింది.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. 'ఆరోగ్య కారణాల వల్ల ఇకపై గాజు కప్పులు వాడబడవు' అన్న అప్పటి నోటీసులో మాటలు ప్రతాప్‌వనీ, నేను నకలు మాత్రమే తీశాననీ ఇన్నేళ్లూ నమ్మావు. కాదు. వాళ్లు అసలు సంగతి నా ముందే అనుకున్నారు. దానికి మర్యాదైన మాట వెతికి ఇచ్చింది నేను. నువ్వు ప్రతాప్‌ను తిడుతుంటే నేను తలొంచుకుని అన్నం తిన్నాను. పైన వాళ్ల గురించి రాసిందంతా నాకూ వర్తిస్తుంది.

నిన్న లింగియాడీహ్‌లో నీలవేణి ఇంటికి వెళ్లి ఆమెకు ఈ మాటే చెప్పాను. ఆ నోటీసు పడ్డప్పటి నుంచి ఆమె వెనక బెంచీలో కూర్చుని, బల్లకు ముందే లేచి వెళ్లిపోతోంది. బియ్యం ఏరుతూ విన్నది. తలెత్తలేదు.

"ఆ మాట నీదేనని నాకప్పుడే తెల్సన్నా. ప్రతాప్ బాబుకి అంత మర్యాదగా అబద్ధమాడ్డం రాదు" అంది.

ఈసారి బల్లకు రమ్మన్నాను.

"వచ్చి ఏటి సెయ్యాల? మళ్లీ కడగాలా?"

తాగడానికి రమ్మన్నాను, కడిగేది నేనని చెప్పాను.

"అచ్ఛా, నీకు కడగడం వచ్చునేటి? మరిగిన నీళ్లు పోసీగలవు, పగిలిపోతాయి" అంది. వస్తానని మాత్రం అనలేదు.

ఈ ఉదయం నోటీసు రాసి చర్చి గోడకు అంటించాను. 'వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు గాజు కప్పులు. కడిగేది పైడిరాజు.' మధ్యాహ్నానికి ప్రతాప్ చింపేశాడు. ఇంకొకటి రాసి అంటించి, కప్పుల పెట్టె మన వంటింటికి తెచ్చేశాను.

కడగడం మొదలుపెట్టాను. అప్పుడే మూడు పగిలాయి. నా మీద కోపం వచ్చినా సరే, నీళ్లు ఎంత వేడి ఉండాలో మాత్రం వెంటనే తెలియజెయ్యి.

ఇట్లు,
నీ భర్త
పైడిరాజు