కుదుళ్లతో ఇరవై వెంట్రుకలు

చిల్లాపంపా,
2014 మార్చి 9, ఆదివారం.

చెల్లెలు ఎద్విగిస్‌కు అన్నయ్య దీవించి రాసేది.

నిన్న శనివారం ఉదయం ఆరూ ఇరవైకి పంతొమ్మిదో అల్పాకా పిల్ల చనిపోయింది. మనుషులం మాత్రం క్షేమమే. అరెకిపాలో నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని అనుకుంటున్నాను.

అమ్మ దగ్గు గురించి అడిగావు. తగ్గింది. నువ్వు పంపిన మందు రెండు పూటలా తాగుతోంది. చేదుగా ఉందని తిడుతూనే తాగుతోంది. నాన్న తింటున్నాడు, మంద వెంట తిరుగుతున్నాడు, మాట్లాడడం తగ్గించాడు. ఈ ఏడు కార్నివాల్ పండగకు మంద చెవులకు కొత్త ఉన్ని కుచ్చులు కుట్టలేదు. నాకు తెలిసి మన ఇంట్లో ఇలా జరగడం ఇదే మొదలు. నేను శనివారం మకుసాని నుంచి బస్సులో వచ్చాను. రేపు తెల్లవారుజామున ఐదింటికి అదే బస్సు డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తాను. మకుసానిలో నేను వార్తలు చదివే రేడియో స్టేషన్ ఫోన్ నుంచి రెండుసార్లు నీ నంబరు కలిపి, నువ్వు ఎత్తకముందే పెట్టేశాను.

పిల్లల లెక్క అడిగావు. మన తెల్ల పోతు రితికి ఈ ఏడు డెబ్భై ఒక్క పిల్లలు పుట్టాయి. పోయిన పంతొమ్మిదింటికీ అదే లోపం. పిల్ల లేస్తుంది, తల్లి పొదుగు దగ్గరికి పోతుంది. ముక్కు లోపలి దారి మూసుకుపోయింది కనుక నోటితోనే గాలి పీల్చాలి. నోట్లోకి పాలు తీసుకుంటే ఊపిరి ఆడదు. రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది, మళ్లీ పోతుంది. ఇలా రెండు రోజులు, కొన్నిటికి నాలుగు రోజులు. నిన్నటిది వితంతువు సెగుండినా మందలోది. ఆమెకు ఏడు పిల్లలు పుడితే ఐదు పోయాయి.

నేను ఆమె దొడ్డి దగ్గరికి పోయేసరికి చచ్చిన పిల్ల మీద గోనె కప్పి, చలి తట్టుకోవడానికి కోకా ఆకు నములుతోంది.

"వచ్చావా రేడియో? ఎన్ని పోయాయో చదువు. రేపు పొద్దున ఊరంతా వింటుంది" అంది.

"చదవడానికి రాలేదు అక్కా."

"మా ఆయన పోతును ఎంచాలంటే పళ్లు చూసేవాడు, కాళ్లు చూసేవాడు, తల్లిని చూసేవాడు. మీ చెల్లెలు దేన్నీ చూడకుండా సీసాలో చూసి చెప్పింది. మేమేమో చదువుకున్న పిల్ల గదా అని నోరు మూసుకున్నాం."

ఊళ్లో ఇప్పుడు అందరి మాటా ఇదే. ఊరి అధ్యక్షుడు అపొలినార్ శుక్రవారం మకుసానిలో బస్సు దగ్గర నలుగురి ముందు, "తుర్పో ఇంటి పిల్ల మందను బాగుచేస్తానని నాశనం చేసింది" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. విని, స్టేషన్‌కు నడిచాను.

నీ ఉత్తరం చివర అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తాను.

ఈ లోయలో ఆడ అల్పాకాలు దాదాపు అన్నీ మన ముసలి పోతు కూతుళ్లు, మనవరాళ్లు. రితి కూడా దాని కొడుకే అయితే, ఒకే రక్తం కలిసి పిల్లలకు ఇలాంటి లోపాలు వస్తాయి కనుక దాన్ని వాటి మీదికి వదలకూడదు. అందుకే కిందటేడు జనవరిలో రితి వెంట్రుకలు ఇరవై, కుదుళ్లతో పీకి పంపమన్నావు. నీ ల్యాబ్‌లో పరీక్షించి, రితి ముసలి పోతు కొడుకు కాదని కాగితం ఇచ్చావు. ఇప్పుడు చచ్చిన పిల్లల చెవి ముక్కలు పరీక్షిస్తే, వాటి తండ్రి ముసలి పోతు కొడుకేనని తేలిందని రాశావు. రెండు కాగితాల్లో ఒకటి తప్పు. నువ్వు గొట్టాలు తారుమారు చేశావని నీ పైవాళ్లు అంటున్నారు. "అన్నయ్యా, ఆ వెంట్రుకలు రితివేనా?" అని అడిగావు.

కావు.

ఆ రోజు సంచీ తీసుకుని దొడ్డిలోకి పోయాను. నాన్న అడ్డం నిలబడ్డాడు. జతకట్టే కాలంలో పోతు వెంట్రుక కుదురుతో పీకితే మంద అదృష్టం పోతుందని మన ఇంటి నమ్మకం, నీకు తెలిసిందే.

"కత్తెరతో కత్తిరించుకో. ఎంత కావాలంటే అంత" అన్నాడు.

"కుదురు లేకపోతే పనికిరాదు నాన్నా."

"అయితే నీ మీసం పీకి పంపరా. అది కూడా నా వంశందే గదా! చెల్లెలికి రాయి, నాన్న వద్దన్నాడని. వచ్చే ఏడు చూద్దాం."

రాయలేదు. కారణం నాన్న కాదు. చిల్లాపంపా పోతు పరీక్షలో నెగ్గిందని అంతకు మూడు రోజుల ముందే నేను రేడియోలో చదివేశాను. నెగ్గుతుందనే అనుకుంటున్నానని నువ్వు చెబితే, నెగ్గిందని చదివాను. పదకొండు కుటుంబాలు అప్పటికే ఆడవాటిని తోలుకొస్తున్నాయి. పక్క దొడ్డిలో అపొలినార్ ఎక్కడో దూరాన హువాంకవెలికా నుంచి తెచ్చిన పోతు ఉంది. అదీ తెల్లదే. దాని భుజం నుంచి ఇరవై పీకాను. సంచీ మీద రితి అని రాశాను.

నీ మొదటి కాగితం తప్పు కాదు, రెండోదీ తప్పు కాదు. తప్పు రాసింది నేను. ఇది నీ పైవాళ్లకు చూపించు. అందుకే ఫోన్లో చెప్పకుండా సంతకం పెట్టి రాస్తున్నాను.

ఇది మొదట విన్నది సెగుండినా. నిన్న ఆ దొడ్డి దగ్గరే చెప్పాను. పిల్ల మీది గోనె సర్దింది.

"నాకు చెప్పడం తేలిక. మొగుడు లేనిదాన్ని, ఐదు పిల్లలు పోయినదాన్ని, ఏడ్చి ఊరుకుంటాను. సభలో చెప్పు" అంది. తర్వాత, "మీ నాన్నకు చెప్పావా?" అంది.

లేదన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆమే నాతో వచ్చింది. రితిని ఊరి దొడ్డిలో విడిగా కట్టేశారు. ఆమె దాని మెడ పట్టుకుంది, నేను పీకాను. ఇరవై, కుదుళ్లతో. ఈ కవరులోనే ఉన్నాయి. సంచీ మీద ఆమె వేలిముద్ర వేసింది.

మందలకు చేటు చేసినవాడి కుటుంబాన్ని చెరువు కింది ఉమ్మడి మేత నుంచి తీసేయడం ఊరి కట్టుబాటు. ఆ మేత లేకపోతే జూలై చలికాలపు మంచుకు నాన్న మంద నిలవదు. ఏడాది పాటు, ఈ పంతొమ్మిదీ చచ్చేదాకా, నేను నోరు మూసుకోవడానికి అదొక కారణం. రేడియోలో నా మాట పోతుందన్న భయం ఇంకో కారణం. ఏది పెద్దదో నన్ను అడగకు.

మంగళవారం సాయంత్రం మంద దొడ్డికి చేరాక నాన్నకు చెబుతాను. బుధవారం తొమ్మిదింటికి సభ. మొదటి అంశం రితిని కోయడం, రెండోది నీ పరీక్షలను ఊళ్లోకి రానివ్వకపోవడం. ఆ రెండింటికీ ముందు నేను మాట్లాడాలని అపొలినార్‌కు చెప్పాను. దేని గురించని అడిగాడు. వెంట్రుకల గురించన్నాను. రాసుకున్నాడు. శుక్రవారం పదింటికి నీ విచారణ. గురువారం మధ్యాహ్నం బస్సుకు బయలుదేరి, రాత్రికి అరెకిపా చేరతాను. నువ్వు లోపలికి రానిస్తే నీ గదికి వస్తాను, లేకపోతే పదింటికి ఆఫీసు గుమ్మం దగ్గర ఉంటాను.

ఇట్లు,
నీ అన్నయ్య
హిలారియో తుర్పో