పిట్ట ముట్టిన ముద్ద

లివింగ్‌స్టన్, జాంబియా
మే 14, బుధవారం

పద్మలత వదినెకు,

నీ మరిది బాలమల్లు రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను బాగున్నాను. అన్న కూడా లేచి తిరుగుతున్నాడు, జ్వరం లేదు. అక్కడ నువ్వు, అవ్వ, సృజన బాగుంటే మాకు అంతకంటే ఏం కావాలి.

కొత్త డ్రైవర్ చేతికి నువ్విచ్చి పంపిన ఉత్తరం మొన్న అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మొదట నవ్వాను. తర్వాత అర్థమైంది. మన ఇంట్లో ఫోను మోగితే అవ్వ స్పీకర్ పెడుతుంది, వాకిట్లో ఉన్నవాళ్లంతా మాట కలుపుతారు. నువ్వు అడగాల్సినవి అందులో ఎట్లా అడుగుతావు? నేను చెప్పాల్సింది అందులో ఎట్లా చెబుతాను? దేవదాస్ సార్ రేపు సెలవు మీద వస్తున్నాడు. ఇక్కడ బోరు బండ్ల మీద మనవాళ్లందరికీ పెద్ద ఆయనే. మన లక్సెట్టిపేట మిషన్ కాంపౌండ్ మనిషే కాబట్టి ఇది నీ చేతికే ఇస్తానన్నాడు. అవ్వ ఎదుట విప్పకు.

ఊరు ఎట్లా ఉందని అడిగావు. అంతా టూరిస్టుల ఊరు. పొద్దున లేస్తే తెల్లవాళ్లను ఎక్కించుకుని జీపులు ఏనుగుల్ని చూడ్డానికి పోతాయి. సాయంత్రం ఏనుగులే మనల్ని చూడ్డానికి రోడ్డు మీదికి వస్తాయి. దుబాయిలో ఆరేళ్లు ఉండి వచ్చినవాణ్ని, నాకు కొత్తేముంటుంది అనుకున్నాను. మొదటిరోజే గుండె జారింది. దూరంగా ఆకాశంలోకి తెల్లటి పొగ లేచి నిలబడి ఉంది. ఎవరో చేన్లో మక్క కట్టె కాలబెడుతున్నారేమో అన్నాను. అందరూ నవ్వారు. అది పొగ కాదు, జలపాతం నుంచి లేచే నీళ్లు. పది కిలోమీటర్ల నుంచి కనబడుతుంది.

దగ్గరికి పోతే ఇంకా వింత. వాన కింద నుంచి పైకి కురుస్తుంది. గొడుగు ఎటు పట్టాలో తెలియదు. మన బోరు బండి మూడు వందల ఫీట్లు దిగినప్పుడు కాళ్ల కింద నేల వణుకుతుంది చూడు, అట్లా వణుకుతుంది, కానీ ఆపేవాడు లేడు. అన్న పనిచేసే బోరు బండ్ల క్యాంపులో వంట చేసే మూసొండా అనే ఆమె చెప్పింది, ఆ చప్పుడులో ఎవరికి వాళ్లకు వాళ్ల మనిషి పిలిచినట్టు వినిపిస్తుందట. నవ్వి ఊరుకున్నాను. అక్కడ నిలబడ్డాక, "తమ్మీ" అని నాకు రెండుసార్లు వినిపించింది. అప్పటికి అన్న కనబడక పదిహేడు రోజులు.

కాలు సంగతి అడిగావు. గాయం మానింది. కొంచెం కుంటుతున్నాడు, అంతే. ఆ ఆదివారం సెలవని నది ఒడ్డుకు పోయాడట, జలపాతానికి ఎగువన. చెప్పులు బండ మీద విడిచి కాళ్లు కడుగుతుంటే జారాడు. నీళ్లు ఈడ్చుకుపోయి, రెల్లు మొలిచిన ఒక చిన్న లంక మీద పడేశాయి. చేపలు పట్టేవాళ్లు పడవలో ఎత్తుకుని వాళ్ల పల్లెకు తీసుకుపోయారు. అక్కడ రోడ్డు లేదు, ఫోను లేదు. జ్వరంలో తన పేరు కూడా చెప్పలేకపోయాడట. ఇక్కడ వీళ్లకు దొరికినవి చెప్పులు మాత్రమే. పోలీసులు నీళ్ల వైపు చెయ్యి చూపించి కాగితం రాశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికే కదా నన్ను పిలిపించింది. నేను పెట్టలేదు వదినె. ఆ ఒక్కటి పెట్టలేదు.

వీడియో కాల్‌లో ఎందుకు మాట్లాడడు, పక్కకు ఎందుకు చూస్తాడు, ఏం తింటున్నాడు అని మూడుసార్లు రాశావు. చివర "మీరు ఏదో దాస్తున్నరు" అని కూడా రాశావు. దాస్తున్నది "మీరు" కాదు, నేనొక్కణ్నే.

నేను బయలుదేరిన రోజు లక్సెట్టిపేట బస్టాండులో నువ్వు నా బ్యాగు పట్టుకుని వదల్లేదు, గుర్తుందా. "అత్త ఏమన్న అననీ. సచ్చినోళ్లకు పెట్టినట్టు పిట్టకు మాత్రం పెట్టకు మల్లన్నా. బతికున్నోనికి పెట్టినవనుకో, మనమే సంపినట్టు," అన్నావు. నేను నీ చేతిలో చెయ్యేసి పెట్టనన్నాను.

ఇక్కడికి వచ్చాక అవ్వ రోజూ ఫోను. "ఇరవై దినాలాయె బిడ్డా. పీనుగు దొరకలే, బూడిద దొరకలే. నా కొడుకు ఆకలికి దేశంగాని దేశంల తిరుగుతుండు. కలల కొచ్చి గిన్నె సాపుతుండు. ఓ ముద్ద పెట్టరా, నీ కాళ్లు మొక్కుత," అని ఏడ్చేది. కన్నతల్లి కాళ్లు మొక్కుతానంటే నేనేం చెయ్యను? ఏదో ఒకటి చెయ్యాల్సిందే అనిపించింది. ఆమె కోసమే చేశానని నీకు చెప్పాలనుంది. అది కూడా నిజం కాదు. నేను నమ్మడం మానేశాను. అన్న లేడని నాకు నేనే ఒప్పుకున్నాను.

మే 5, సోమవారం పొద్దున. ఇక్కడివాళ్లు మక్క పిండితో అచ్చం మన గట్కలాంటిదే వండుకుంటారు, నషీమా అంటారు. అన్నకు గట్క, ఎండు చేపలంటే ప్రాణం కదా. నా కోసమే అని చెప్పి మూసొండా దగ్గర రెండూ కట్టించుకున్నాను. ఒక చిన్న మందు సీసా కొన్నాను. చెప్పులు దొరికిన బండ మీద వెడల్పాటి ఆకు పరిచి, అన్నీ పెట్టి, వెనక్కి వచ్చి నిలబడ్డాను.

ముందు కోతులు వచ్చాయి. ఇక్కడి కోతులు కుక్కంత ఉంటాయి, టూరిస్టుల చేతుల్లోంచి చిప్స్ గుంజుకుపోతాయి. అవి ఆకు చుట్టూ కూర్చున్నాయి. ముట్టలేదు. ఒక్కొక్కటే లేచి, నా వైపు చూసి, వెళ్లిపోయాయి. తర్వాత కాకులు వచ్చాయి. ఇక్కడి కాకికి మెడ, రొమ్ము తెల్లగా ఉంటాయి, తెల్ల బనీను తొడిగినట్టు. కొమ్మ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. మన దగ్గర చెప్పినట్టే చెప్పాను. సృజనను చదివిస్తానన్నాను. అవ్వను చూసుకుంటానన్నాను. వదినెకు ఏ లోటూ రానియ్యనన్నాను. ఒక్కటీ దిగలేదు.

అప్పుడే ఆపి వచ్చేయాల్సింది. నువ్వు చెప్పింది నిజమని ఆ కాకులే చెబుతున్నాయి. నాకు బుద్ధి లేకపోయింది. పిట్ట ముట్టకుండా ఎట్లా పోతానని మొండికేశాను. నది వైపు తిరిగి, "అన్నా, హనుమండ్లూ, రా, తిను" అని మూడుసార్లు పేరు పెట్టి అరిచాను. మూడోసారికి ఒక కాకి దిగింది. మన ఊర్లో కాకి ఒక ముక్క ముట్టి ఎగిరిపోతుంది. ఇది పోలేదు. ముద్దంతా తిన్నది, చేపలు తిన్నది, ఆకు శుభ్రం చేసింది. నేను అవ్వకు ఫోను చేసి "ముట్టింది" అన్నాను. అవ్వ నీకు చెప్పలేదని తర్వాత తెలిసింది.

గురువారం మధ్యాహ్నం అన్న క్యాంపు గేటులోంచి నడిచి వచ్చాడు.

నేను కాళ్ల మీద పడి ఏడ్చాను. మీకు ఫోను చేసినప్పుడు నా గొంతు విన్నావు కదా, ఆ సంతోషం అబద్ధం కాదు. వెంట వచ్చిన చేపల ముసలాయనకు మూసొండా అన్నం పెడుతుంటే ఆయన తన భాషలో ఏదో చెప్పాడు. ఆమె మాకు చెప్పింది. జ్వరంలో ఉన్నన్ని రోజులూ అన్న గిన్నె చాపి తిండి అడిగేవాడట. వాళ్లు జావ తాపేవాళ్లు. సోమవారం పొద్దెక్కేసరికి జ్వరం ఒక్కసారిగా దిగిపోయిందట. లేచి కూర్చుని, మూతి తుడుచుకుని, పెట్టిన గిన్నె పక్కకు నెట్టాడట. నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.

వదినె, ఆ సోమవారం నుంచి ఈ రోజుకు తొమ్మిది రోజులు. అన్న ఒక్క మెతుకు ముట్టలేదు. నీళ్లు తాగుతాడు, చాయ తాగుతాడు. కంచం పెడితే, "కడుపు నిండున్నది తమ్మీ," అంటాడు. ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తం చూశారు, బరువు చూశారు, అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. బరువు తగ్గలేదు. దానికే నాకు ఎక్కువ భయం.

ఇంకొకటి. "అన్నా" అంటే పలుకుతాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, లేచి నిలబడతాడు. పాస్‌పోర్టు నదిలో పోయింది కదా, కొత్త కాగితాల కోసం ఆఫీసులో ఆయన పేరు చదివారు. లేచి, కిటికీ దగ్గరికి పోయి, ఆ పొగ లేచే వైపు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చెయ్యి వెచ్చగానే ఉంది, అది రాస్తే నీకు ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నాకు ఏడుపు ఆగలేదు. కంచం ముందర పెట్టి, "రెండు ముద్దలు తిను అన్నా, నా కోసం," అన్నాను. అన్న నవ్వాడు. చిన్నప్పుడు నన్ను ఆటపట్టించేటప్పటి నవ్వే అది.

"ఆ పొద్దు పెట్టినవ్ గదరా," అన్నాడు. "అంత మంచిగనే ఉండె. గట్కల ఉప్పే మర్సినవ్."

నేను ఆయనకు చెప్పలేదు వదినె. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడివాళ్లు నషీమాలో ఉప్పు వెయ్యరు. వెయ్యాలన్న సంగతి ఆ పొద్దున నాకు తట్టనే లేదు.

ఇప్పుడు నన్ను ఏమన్నా అను, పడతాను. నీ మాట తప్పినవాణ్ని నేనే. అవ్వను ఏమీ అనకు, ఆమెకు ఇదంతా తెలియదు, తెలిస్తే బతకదు. కాగితాలు శుక్రవారం వస్తాయి. ఆదివారం హైదరాబాదులో దిగి, సోమవారం పొద్దున్నే ఇంట్లో ఉంటాం. బోథ్‌లో ఎవరో మంత్రగాడు ఉన్నాడనీ, ఇంకెక్కడికో తీసుకుపోదామనీ నా మనసు నాలుగు దిక్కులా పోయింది. చివరికి నీ దగ్గరే ఆగింది.

నువ్వు గట్క వండు. ఉప్పు వెయ్యి. పిట్టకు పెట్టినట్టు పెట్టి పక్కకు పోకు, ఎదురుగా కూర్చో. ముద్ద కలిపి, చేత్తో నోటి దగ్గర పెట్టి, పేరు పెట్టి పిలువు. నాకు తెలుసు, నువ్వు ఎన్నడూ ఆ పేరు ఎత్తలేదు. పెండ్లినాడు గడప దగ్గర అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి పంపుతామని మేమంతా ఎంత ఏడిపించినా, కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డావు గానీ చెప్పలేదు. పదిహేనేళ్లుగా "సృజన బాపు" అనే పిలుస్తున్నావు. నీకు అది ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. సోమవారం అవ్వ ఎదురుగా ఉన్నా, వాడంతా వాకిట్లో నిలబడి ఉన్నా, గట్టిగా పిలువు.

నేను ఆ పేరు పెట్టి అటు పిలిచాను. నా నోటికి ఇక ఆ పేరు పనికిరాదు. నువ్వు పిలిస్తే ఆయన ఎటు తిరుగుతాడో, నాకు తెలియదు. ఇటు తిరుగుతాడనే నమ్మకం ఒక్కటే పట్టుకుని తీసుకొస్తున్నాను. తిట్టాలని ఉంటే నన్ను తర్వాత తిట్టు వదినె. ముందు ఆయన్ను పిలువు.

ఇట్లు,
నీ చేతిలో చెయ్యేసి మాట తప్పిన
నీ మరిది,
బాలమల్లు