కందనకాయ లోపలి పసుపు తోలు

అమ్మకు నీ చిన్నబిడ్డ శోభ వంగి దండం పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? వదిన, మేకలు, అందరూ బాగేనా? ఆ బోరు నీళ్ళు ముట్టకు, నల్లా నీళ్ళే తాగు. ఫోన్‌లో నువ్వు "తిన్నవా బిడ్డా" అంటావు, నేను "తిన్ననే" అంటాను, మాట అక్కడికే అయిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివి వినిపించేది అన్నే అని తెలుసు. అన్నా, నడుమ ఏదీ వదిలెయ్యకుండా చదువు.

ఇక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. రొట్టెలు తిని తిని నోరు చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. మన మాట మాట్లాడే మనిషి లేడు. వచ్చిన కొత్తలో నా పళ్ళ మరకలు చూసి గుట్కా తింటావా అని అడిగారు. అవి మన మర్రిగూడ బోరు నీళ్ళలోని ఫ్లోరైడు మరకలని హిందీలో చెప్పడం రాక ఊరుకున్నాను. ఇప్పుడు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. నవ్వేదే తక్కువలే.

పశువుల డాక్టర్ల కాలేజీలో కొలువు అన్నాను గానీ ఏం పనో చెప్పలేదు. కోడి పేగులు, కందనకాయలు మందునీళ్ళలో నానబెట్టి, మైనంలో పోసి గట్టిపరిచి, మిషను మీద ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తారు. మైక్రోస్కోపులో చూస్తే ఏ పొర ఎట్లా ఉందో తెలుస్తుంది. మిషను పని నాదే, అంతా మంచిగుంది అని చెబుతూ వచ్చాను కదా. అది అబద్ధం.

వచ్చిన వారంలోనే పని చెడగొట్టుకున్నాను. ఇక్కడ పరిశోధన చేసే మేడం ఒకామె నెలల తరబడి మేత మార్చి మార్చి కోళ్ళను పెంచింది. వాటి కందనకాయలు నా ముందు పెట్టి, సాఫ్ చేసి మందులో వెయ్యమన్నది. నేనేం చేసి ఉంటానో నీకు చెప్పక్కర్లేదు. నిలువునా చీరి, ఇసుక కడిగి, "చినగకుండ గుంజాలె బిడ్డా" అని నువ్వు నేర్పినట్టే అంచున గోరు పెట్టి పసుపు తోలు ఒలిచేశాను. ఒక్కటీ మిగల్చలేదు. మెచ్చుకుంటుందని వరుసగా పేర్చి చూపించాను కూడా. ఆమె కూలబడి ఏడ్చింది. ఆమెకు కావలసింది ఆ తోలే. కింద ఉండే సన్నని గ్రంథుల్లో ఊరిన రసం గట్టిపడి ఆ తోలవుతుందట. ఏ మేతకు అది ఎంత మందం కడుతుందో చూడటమే ఆమె చదువు. నేను దాన్ని చెత్తబుట్టలో వేశాను.

మా పెద్దసారు పని వేళల్లో నన్ను మిషను దగ్గరికి రానివ్వలేదు. నీవి వంటింటి చేతులు అన్నాడు. కొత్త కోళ్ళు పెరిగేలోపు తోలుతో సహా కొయ్యడం నేర్చుకో, లేకపోతే ఇంటికి పో అన్నాడు. అప్పటిదాకా గాజుపలకలు కడిగాను. అన్నకు ఫోన్‌లో కొంచెం చెప్పబోతే, "నేను ముందే చెప్పిన గద, గవన్ని నీతోని కావు. వచ్చెయ్, మేకలన్న కాస్తవు" అన్నాడు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

అందరూ ఇంటికి పోయాక బజారు కందనకాయలు తెచ్చి ఆ మిషను మీదనే నేర్చుకున్నాను. ఆ తోలు గట్టిది, కత్తి తగిలితే పగిలి విడిపోతుంది. మైనం ముద్దను మంచు మీద పెట్టి, మిషను పిడిని ఆపి ఆపి తిప్పితే ఒకరోజు తోలు పగలకుండా నిలిచింది. మైక్రోస్కోపులో చూశాను. సన్నని గొట్టాలు చేను సాళ్ళలా వరుసగా ఉన్నాయి. వాటి కొసల నుంచి పోగులు లేచి రంగు వేసినందుకు గులాబీగా మారిన తోలులో కలిసిపోయాయి. అన్నేళ్ళు ఒలిచినా దాని కింద ఏముందో నాకు తెలియనే లేదు. పెద్దసారు చూసి, బాగుందని కూడా అనకుండా, రేపటి నుంచి మిషను మీద కూర్చోమన్నాడు. నా కొలువు నిలిచింది.

ఆ రోజు మందులో వెయ్యకుండా మిగిలిన కందనకాయలు గదికి తెచ్చుకున్నాను. తోలు ఒలిచి, నువ్వు పంపిన కారం వేసి వండాను. మన ఇంట్లో కోడి కోసిన ప్రతిసారీ ఒలిచింది నేను, తిన్నది అన్న. ఒక్కసారి అడిగితే "గది మొగపిలగానికి పెట్టేది, నీకెందుకే" అన్నావు. నీకు గుర్తుండదు. నాకుంది. ఇన్నేళ్ళకు మొదటిసారి కడుపునిండా తిన్నాను. ఇంత చిన్న ముక్క కోసమా అమ్మా, నన్ను అట్లా అన్నావు అని ఏడుపొచ్చింది.

నేను రాను. మేకలకు వేరే మనిషిని చూసుకోండి. ఊళ్ళో పెద్దలందరికీ నా దండాలు చెప్పు, నన్ను చల్లగా ఉండమని దీవించు. ఈసారి కోడి కోస్తే కందనకాయ ఒలిచేది వదినే కదా, ఆమె పళ్ళెంలోనే వెయ్యి. అన్నా, ఈ మాట వదినకు కూడా వినపడేటట్టు చదువు.

నీ బిడ్డ
శోభ