జానెడు గోడ ఫైలు

గడియారం మేస్త్రీ గారికి నమస్కారాలు.

ఈ నెలాఖరుకి నేను ఆఫీసు నుంచి సెలవు తీసుకుంటున్నాను. అదే కిటికీ పక్కన, అదే కుర్చీలో ముప్ఫై తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. మా పద్ధతి మీకు తెలియనిది కాదు. కోర్టు మెట్లెక్కేముందు తగువుపడ్డ ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. అలాగే, వెళ్ళిపోయే లాయరు తన బీరువా ఖాళీ చేసి మరీ వెళ్ళాలి. ప్రతి మనిషీ స్వయంగా వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, తన కాగితాలు తన చేత్తో తీసుకెళ్ళాలి. నా బీరువాలో ఒక్క ఫైలే మిగిలింది. మీకూ పక్కింటి దర్జీ గారికీ మధ్య ఉన్న గోడది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నెలకో మంగళవారం మీరిద్దరూ ఆ బల్ల అరగదీస్తున్నారు. వచ్చే మంగళవారం సంతకాలు పెట్టేస్తే నేను హాయిగా ఇంటికి పోతాను.

ఇట్లు,
మీ లాయరు

తా.క.: కేసు మొదట్లో కొలవడానికని మా ఆఫీసు టేపు పట్టుకెళ్ళారు. దాన్నీ తెండి.

*

లాయరు గారికి, కోపంతోనే అయినా నమస్కారం.

మీ ఉత్తరం చదివి నాకు చిర్రెత్తుకొచ్చింది. దర్జీ మిమ్మల్ని బుట్టలో వేసుకున్నాడన్నమాట. అతని స్థలాన్ని గోడ దాకా నేనే టేపు పట్టి కొలిచాను. పత్రంలో రాసినదానికన్నా సరిగ్గా జానెడు ఎక్కువ వచ్చింది. ఆ జానెడు నాది. అది తేలకుండా నేను సంతకం పెట్టను. సెలవంటారా, అదంతా ఒట్టి వంక. ఇంట్లో కూర్చుని ఏం చేయడం వచ్చు మీకు?

ఇట్లు,
గడియారం మేస్త్రీ

తా.క.: పోయిన మంగళవారం మీరు వేసుకొచ్చిన చొక్కా దర్జీ కుట్టింది. కాలరు చూడగానే పోల్చాను.

*

మేస్త్రీ గారికి నమస్కారాలు.

చొక్కా ఆయన కుట్టిందే. ఈ వీధికి ఆయనొక్కడే దర్జీ. నా చేతికి ఉన్న గడియారం మీరు బాగుచేసింది. దానికి ఆయన ఎప్పుడైనా గొడవ చేశారా?

నేను వెళ్ళడానికి కారణం మోకాళ్ళు. మా ఆఫీసుకి పద్దెనిమిది మెట్లు. ఇక ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. ఫైలు మూయడం మీకు ఇష్టం లేకపోతే, నా కుర్చీలోకి వస్తున్న లాయరమ్మకి అప్పజెబుతాను. చురుకైన మనిషి.

ఇట్లు,
మీ లాయరు

తా.క.: ఎలాంటి తగువైనా ఆరు వారాల్లో తేల్చేస్తుందట.

*

లాయరు గారికి, దిగులుతో నమస్కారం.

మెట్లు ఎక్కవద్దని డాక్టర్లు ఎప్పుడంటారో నాకు తెలుసు. అది గుండె జబ్బుకి చెప్పే మాట. మోకాళ్ళని చెప్పి మీరు మా దగ్గర దాస్తున్నారు. సంగతి చెప్పగానే దర్జీ మిషను ఆపేసి కూర్చున్నాడు. బల్ల మీద కూర్చునేవాళ్ళందరి చెవినా వేశాను. చూడటానికి వస్తారు, తలుపు తీసి ఉంచండి. ఆరు వారాల్లో తేల్చేసే ఆవిడ మాకు వద్దే వద్దు.

ఇట్లు,
గడియారం మేస్త్రీ

తా.క.: మీరు చిక్కిపోయి ఉంటారు, కొత్త కొలతలు కావాలని దర్జీ అడుగుతున్నాడు.

*

మేస్త్రీ గారికి, నిలబడి రాస్తున్న నమస్కారాలు.

నిన్న సాయంత్రం మా ఇంటికి పద్నాలుగు మంది వచ్చారు. నేనే వెళ్ళి తలుపు తీసేసరికి వాళ్ళలో ఇద్దరు నిరాశపడ్డట్టు కనిపించారు. బేకరీ ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, చివరి కోరిక ఏదైనా ఉంటే చెప్పమన్నాడు. గోడ ఫైలు మూయాలని చెప్పాను.

ఇక లాభం లేదు. గురువారం నేనే లాయరమ్మని వెంటబెట్టుకుని వచ్చి, ఆ గోడేదో కొలిచి చూస్తాను.

ఇట్లు,
మీ లాయరు

తా.క.: నాలుగు బుట్టల యాపిళ్ళు మిగిలాయి. మీరూ దర్జీ గారూ కొలిచి మరీ పంచుకోండి.

*

లాయరు గారికి, తలవంచుకుని నమస్కారం.

దయచేసి గురువారం రాకండి. కొలవడానికి గోడ లేదు.

పదకొండేళ్ళ కిందట వానలకి కూలిపోయింది. మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు దర్జీ మిషనూ నా బల్లా పక్కపక్కనే ఉంటాయి. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటాం. ఆ సంగతి చెప్పి ఫైలు మూయించేద్దామనే, గోడ కూలిన నెల మంగళవారం వచ్చాం. మీ ఆవిడ పోయాక మీరు ఆఫీసుకి వచ్చిన మొదటి రోజది. కాగితాలు ముందేసుకుని ఊరికే చూస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఫైలు విప్పి, గంటసేపు మా ఇద్దరినీ చెడామడా తిట్టారు. ఆ తరువాత మంచినీళ్ళు తాగి, కాస్త నవ్వారు. మెట్లు దిగుతూ దర్జీ, "ఈ కేసు ఇప్పుడు తేలకూడదు మేస్త్రీ" అన్నాడు. అప్పటి నుంచి నెలనెలా వాయిదాకి ముందు సోమవారం కూర్చుని, మర్నాటి పోట్లాట అనుకుని వస్తున్నాం.

మిమ్మల్ని మోసం చేశాం. క్షమించండి.

ఇట్లు,
గడియారం మేస్త్రీ

తా.క.: ఆ మధ్య కత్తెర చూపించి బెదిరించడం దర్జీ ఆలోచన. నేను వద్దనే అన్నాను. టేపు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

*

మేస్త్రీ గారికీ, ఉత్తరం పక్కనుంచి తొంగిచూస్తున్న దర్జీ గారికీ నమస్కారాలు.

గోడ లేదని నాకు పదకొండేళ్ళుగా తెలుసు.

వానలు తగ్గాక ఎలా ఉందో చూద్దామని అటు వచ్చాను. ఇటుకల మధ్య కూర్చుని మీరిద్దరూ ఒకే డబ్బాలోంచి తింటున్నారు. ఆ మంగళవారం గోడ కూలిన మాట మీరెందుకు ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. పలకరించకుండా తిరిగొచ్చి, తలుపేసుకుని ఏడ్చాను. తరువాత మీ ఫైలుకి ఇంకో తారీఖు వేశాను. నాకు ఆ మంగళవారాలు కావలసివచ్చాయి. తేలిపోయిందని తెలిసీ నేను మూయని ఫైలు ఇదొక్కటే. గురువారం వస్తానన్నది మీ చేత నిజం చెప్పించడానికే.

వెళ్ళేటప్పుడు ఏం కావాలని ఆఫీసువాళ్ళు అడిగారు. ఆ బల్ల అడిగాను. వాళ్ళు కొత్తది చేయించుకుంటారు. సంతకాలయ్యాక పాతదాన్ని గోడ ఉన్నచోట వేయించండి. మీ దగ్గర మెట్లు లేవు, అక్కడికి నేను రాగలను. మంగళవారాలు మాత్రమే అని మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీ లాయరు

తా.క.: టేపు అందింది. లాయరమ్మ విప్పి చూసి, మొదటి తొమ్మిది అంగుళాలు ఎక్కడో తెగిపోయాయని చెప్పింది. తొమ్మిది అంగుళాలంటే సరిగ్గా జానెడు. ఫైలు ఆవిడ చేతికొచ్చి అరగంట కూడా కాలేదు.